ముర్రుపాలు తీసుకోం

పలమనేరు దారిలో మా పాలకేంద్రం గోడకు
ఆ కాయితం అంటించింది నేనే.
'ఈనిన పది దినాల దాకా పాలు తేవద్దు.'
తెల్లారి ఐదుంపావుకు
క్యాను మూత తీస్తానే తెలిసిపోయేది,
చామంతి రేకు పసుపు,
కాస్తే విరిగి గడ్డకట్టే మొండి పాలు.
గుర్రప్ప బతిమాలేవాడు.
"ఒక్క పూటకు కలిపేయ్ మే, ఎవురు చూడొచ్చినారు?"
"మిషను చూస్తాది గదన్నా" అని
కాలవ పక్కకు చెయ్యి చూపించేదాన్ని.

వెన్న ఎంత, వెన్న గాక గట్టి ఎంత, నీళ్ళు ఎంత.
ఆరేండ్లుగా నాకు తెలిసిన పాలు ఈ మూడంకెలే.
లీటరు రేటు వాటి కడుపులోనే పుట్టేది.

ఏడో నెల పోతా పోతా ఉండంగానే
నా కడుపు తొందరపడింది.
తిరుపతి ఆసుపత్రిలో, అద్దాల పెట్టెలో, నా బిడ్డ
కిలో ఎనభై గ్రాములు.
లీటరు పాలు తూకమేస్తే కిలో ముప్పై.
అంటే
లీటరు పాల మీద ఒక యాభై గ్రాముల మనిషి.

"చీము మాదిరుండాయి, పిండి పారబొయ్" అనింది అత్త.
ఆమె కాలంలో అట్నే పారబోసినారు.
హెప్సిబా సిస్టరు పరిగెత్తుకోనొచ్చి
నా రొమ్ము కింద చిన్న గిన్నె పెట్టింది.
"ఒక్క చుక్క కింద పడినా నాతో మాట్లాడొద్దు."
గంటసేపు పిండితే అర మిల్లీ.
పసుపే. అదే పసుపు.
నలభై లీటర్ల క్యాన్లు ఒంటిచేత్తో వంచిన దాన్ని,
సిరంజీలో ఆ కాస్తను చూస్తా
ఊపిరి కూడా మెల్లగా వదిలినా.

రాత్రి డ్యూటీ డాక్టరు సత్యవేడు పిల్లోడు,
మందుల చీటీ వెనక బొమ్మ గీసినాడు.
"క్రిములకూ ఇనుము కావాలక్కా, మనకు మాదిరే.
అది దొరికితేనే ఒకటి రెండవుతాది, రెండు నాలుగవుతాది.
ఈ పాలల్లో లాక్టోఫెరిన్ అని ఒక ప్రోటీను.
దానికి రెండు గుప్పిళ్ళు,
గుప్పిటికొక ఇనుప అణువు. పట్టిందంటే సులువుగా వదల్దు.
కొన్ని క్రిముల తోలు కూడా చించుతాది గానీ
దాని అసలు పని పస్తు పెట్టడం."
"అయితే నా బిడ్డకేం కాదా?"
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళా పెట్టినాడు.
"ఇదొక్కటే కాపాడతాదని చెప్పలేనక్కా.
కాపలా మాత్రం కాస్తాది."

కిటికీలో కొండదారి లైట్లు మెలికలు తిరగతా ఉండాయి.
నిద్ర రాలా.
కన్నమెయ్యను గడ్డపార లేకపోతే
ఎంత దొంగోడైనా
గోడ తడుముకుంటా తెల్లార్చాల్సిందే గదా.
ఐదు నెలలు ఇనుము మాత్రలు మింగినా నేను,
నాలిక మీద తుప్పు రుచితో.
నా ఒళ్ళేమో నన్నడక్కుండానే
ఇనుము దాచిపెట్టే చేతుల్ని
ఈ పసుపు చుక్కలో తయారు చేసుకుంది.
ఏ మిషనూ దానికి రేటు కట్టలా.
నేనూ కట్టలా.

ముప్పై ఎనిమిది దినాలు.
నడుమ ఒక రాత్రి బిడ్డ పొట్ట ఉబ్బింది,
ఆ రాత్రి గురించి రాయను.

మూడు నెలలకు మళ్ళా కేంద్రానికి పోయినా.
కాయితం అట్నే ఉంది, మూల మాత్రం చిరిగింది.
గుర్రప్ప ఆవు తమ్మునిది ఈనిందంట,
అదే క్యాను, అదే పసుపు, అదే బతిమాలడం.
తీసుకోలా. రూలు రూలే.
కాలవ పక్కకు చెయ్యి చూపించలేదు,
క్యాను మూత నేనే బిగించి చేతికిచ్చినా.
"దూడకు కడుపునిండా తాపమను.
మిగిలితే జున్ను కాంచుకోండి."
పెన్ను తీసి కాయితం కింద ఇంకో వరస రాసినా.
'ఆ పాలు దూడవి.'

చదువు రాని గుర్రప్ప మెడ సాచి చూసినాడు.
"ఏం రాసినావు మే,
రేటు పెంచినారా?"